కుజగ్రహ కథలు: ముద్రణలు, పాఠభేదములు

అమెరికను రచయిత రే బ్రాడ్‌బరీ కుజగ్రహ కథలను 1950లో న్యూయార్కు నందలి డబుల్‌డే సంస్థ ‘ది మార్షియన్ క్రానికల్స్’ అను పేర ప్రచురించినది. మరుసటి యేడు లండనులో ఆ సంపుటి ‘ది సిల్వర్ లోకస్ట్స్’గా వెలువడినది. మారినది పేరు మాత్రమే కాదు. ‘అషర్ టూ’ అను కథ తొలగి, ‘ది ఫైర్ బెలూన్స్’ చేరినది. తొలగిన కథ 1952లో లండనులోనే ‘ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్’ అను వేరొక సంపుటిలో తేలినది. తెలుగు, హిందీ, బెంగాలీ పాఠకులు ఇరుగుపొరుగున నివసించు భిలాయి ఉక్కునగరము వంటి చోట ఒకరు న్యూయార్కు ప్రతిని, మరొకరు లండను ప్రతిని చదివినచో, ఒకే గ్రంథమనుకొని రెంటిని గూర్చి వాదింతురు.

చేర్పులు, తీసివేతలకంటె కాలనిర్దేశము మరింత విచారణీయము. అణుయుద్ధానంతరము మనుష్యులు లేక యంత్రములు మాత్రమే పనిచేయుచుండు ఇంటి కథ ‘దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్’. 1950 మే నెలలో ‘కోలియర్స్’ పత్రికలో అచ్చయినపుడు అందలి కాలము 1985. ఆ యేటి సంపుటిలోనే 2026. 1997 నాటి ముద్రణలో తేదీలన్నియు 31 సంవత్సరములు ముందుకు జరుగగా అది 2057 అయినది. అమెరికా దక్షిణ రాష్ట్రములందలి నల్లజాతివారు తెల్లవారి పీడనము వీడి కుజగ్రహమునకు తరలిపోవు ‘వే ఇన్ ది మిడిల్ ఆఫ్ ది ఎయిర్’ కథ ఆ ముద్రణలో లేదు. తేదీల సవరణ గ్రంథమును భవిష్యత్కథగా నిలుపుటకు కావచ్చును. ఈ కథ లోపించుట మాత్రము నష్టమే. 1950 నాటి అమెరికాను సూటిగా చూపిన కథ అది. అనువాదకుడు తన మూలము ఏ ముద్రణయో చెప్పక 2057 అని వ్రాసినచో, ఆ సంఖ్య బ్రాడ్‌బరీదో అనువాదకునిదో పాఠకునకు తెలియదు.