సీరియల్ తీగకు ఫైలు వేషం

1963లో అమెరికాలో టెలిటైప్ మోడల్ 33 వచ్చింది. సెకనుకు పది అక్షరాలు కాగితం మీద కొట్టే యంత్రం అది. ఒక్కో అక్షరం బిట్టు వెంట బిట్టుగా నడిచేది. మొదట ఒక స్టార్ట్ బిట్టు, తర్వాత అక్షరానివి ఎనిమిది బిట్లు, ఆఖరున రెండు స్టాప్ బిట్లు, మొత్తం పదకొండు. అందుకే దాని వేగం సెకనుకు 110 బిట్లు. అప్పటికే, 1960లో, మోడెములకూ టెర్మినళ్లకూ మధ్య ఏ తీగలో ఏ వోల్టేజి ఉండాలో చెప్పే ఆర్ఎస్-232 ప్రమాణం వచ్చింది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పని మొదలుపెట్టారు. పరికరాలకు కూడా ఫైళ్లకు ఉన్నట్టే డైరెక్టరీలో పేర్లిచ్చారు. ఫైలును తెరిచే ‘ఓపెన్’తోనే టెలిటైప్‌నూ తెరవాలి, ఫైల్లో రాసే ‘రైట్’తోనే దానికీ అక్షరాలు పంపాలి. 1974లో వాళ్లు ప్రచురించిన యూనిక్స్ పత్రం ఈ ప్రత్యేక ఫైళ్లను తమ ఫైలు వ్యవస్థలోకెల్లా అసాధారణమైన అంశంగా పేర్కొంది. కంప్యూటర్ చరిత్రలో ఇంత సాదాగా, ఇంత లోతుగా ఉన్న నిర్ణయాలు చాలా తక్కువ అని నా నమ్మకం.

ప్రోగ్రాం ‘రైట్’ అనగానే ప్రాసెసర్ ఆపరేటింగ్ సిస్టం గర్భమైన కెర్నల్‌లోకి వెళ్తుంది. ఆ పేరు ఏ డ్రైవర్‌దో కెర్నల్ చూసి, బైట్లను దాని చేతికిస్తుంది. డ్రైవర్ వాటిని బఫర్‌లో పెట్టి, యూఏఆర్‌టీ అనే చిప్‌కు అందిస్తుంది. స్టార్ట్, స్టాప్ బిట్లు తగిలించి తీగ మీదికి వదిలేది ఆ చిప్పే. దానిలో చోటు ఖాళీ కాగానే ఇంటరప్ట్‌తో మళ్లీ అడుగుతుంది.

సెకనుకు 9600 బిట్ల వేగంలో, బైటుకు పది బిట్ల లెక్కన, ఒక్కో బైటుకు ఒక మిల్లీసెకను పైనే పడుతుంది. ఆలోగా నేటి ప్రాసెసర్ లక్షల ఆదేశాలు చేసేస్తుంది. అంతసేపు ప్రోగ్రాంను నిలబెట్టడం ఎందుకని బఫర్ పెట్టారు. కాబట్టి ‘రైట్’ నూరు అని జవాబిస్తే, నూరు బైట్లను కెర్నల్ తీసుకుందని మాత్రమే అర్థం. ఉత్తరం పోస్టు డబ్బాలో పడింది, అంతే. తీగ మీదికి అంతా వెళ్లేదాకా ఆగాలంటే ‘టీసీడ్రెయిన్’ పిలవాలి. అవతలి పరికరానికి అందిందా అన్నది మాత్రం ఆ పరికరమే జవాబు పంపి చెప్పాలి. కెర్నల్ ఒక్కోసారి అడిగినదానికన్నా తక్కువ బైట్లే తీసుకుంటుంది, మిగిలినవి మళ్లీ పంపే బాధ్యత ప్రోగ్రాందే.

ఫైలు వేషంలో ఉన్నా టెలిటైప్ అలవాట్లు పోలేదు. కాగితం మీద కొత్త పంక్తికి, కాగితాన్ని పైకి జరపడమే కాక అచ్చు తలను ఎడమ చివరికి తేవాలి. ఆ పాత అవసరం కోసం లినక్స్ ఇప్పటికీ, మనం మార్చకపోతే, 10 అనే బైటు కనిపించగానే దాని ముందు 13 చేరుస్తుంది. వేబ్రిడ్జికో, కొలత పరికరానికో బైనరీ ఆదేశం పంపేవాళ్లకు ఇది ప్రాణాంతకం, ఆదేశం మధ్యలో లేని బైటు పుట్టుకొస్తుంది. అందుకే ముందుగా సీరియల్ పోర్టును, బైట్లను మార్చకుండా పంపే రా మోడ్‌లో పెట్టాలి. వేగం, పారిటీ వంటివీ ‘రైట్’లో ఇమడవు. వాటికోసం 1988 నాటి పోసిక్స్ ప్రమాణం టెర్మియోస్ అనే ఏర్పాటును స్థిరపరిచింది. విండోస్‌లోనూ దారి ఇలాంటిదే, కామ్1 అనే పోర్టును ‘క్రియేట్‌ఫైల్’తో తెరిచి ‘రైట్‌ఫైల్’తో పంపుతారు.

ల్యాప్‌టాపుల్లో తొమ్మిది పిన్నుల సాకెట్ పోయింది. యూఎస్‌బీ అడాప్టర్ తగిలిస్తే లినక్స్‌లో టీటీవైయూఎస్‌బీ0 అనే పేరు వెలుస్తుంది, పాత ప్రోగ్రాంలో ఆ పేరొక్కటి మారిస్తే చాలు. తెర, నెట్‌వర్క్ ఇంకా మేల్కొనని చిన్న బోర్డుల్లో కెర్నల్ తన తొలి సందేశాలను పంపేది ఈ సీరియల్ తీగ మీదే. బోర్డు బూట్ కాకుండా ఎక్కడ ఆగిపోయిందో ఇంజినీర్లు ముందుగా చూసేదీ అక్కడే.