అత్తయ్యగారి ఇంగ్లీషు ప్రాజెక్టు

"ఇంగ్లీషు నేర్పిస్తారని పంపావు. వాళ్లేమో బజారుకెళ్లి ఫోటోలు తీసుకురమ్మంటున్నారు!" క్లాసులో చేరిన రెండోవారమే మా అత్తయ్యగారు అలిగారు.

మనలో చాలామందిమి పెద్దవాళ్లని స్పాన్సర్ చేసి వాంకూవర్ తెచ్చుకుంటాం. పౌరసత్వానికి భాష వచ్చని రుజువు అడిగేది 18 నుంచి 54 ఏళ్లవాళ్లనే కాబట్టి, వాళ్లకి ఇంగ్లీషెందుకులే అనుకుంటాం. పరీక్ష లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మందులు తెచ్చుకోవాలి. మనం ఆఫీసులకి పోతే పగలంతా వాళ్లు నాలుగు గోడల మధ్యే కదా!

పర్మనెంట్ రెసిడెంట్లకి లింక్ క్లాసులు ఉచితం. ఫెడరల్ ప్రభుత్వ నిధులతో 1992 నుంచి నడుస్తున్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకోవడం లాంటి రోజువారీ పనుల చుట్టూ పాఠాలుంటాయి. దాన్నే ఇంకాస్త పెంచితే ప్రాజెక్టు అవుతుంది: ఒక ప్రశ్న ఎంచుకోవాలి, బయటికెళ్లి వివరాలు కనుక్కోవాలి, ఫోనులో రికార్డు చేసుకోవాలి, దిద్దుకుని చివరికి అందరి ముందూ చెప్పాలి.

అత్తయ్యగారు ఎంచుకున్నది కరివేపాకు. మెయిన్ స్ట్రీట్, 49వ అవెన్యూ దగ్గరున్న పంజాబీ మార్కెట్‌కి వెళ్లాం. షాపతనికి తెలుగు రాదు, ఈవిడకి హిందీ, పంజాబీ రావు. ఇద్దరికీ మధ్య మిగిలింది ఇంగ్లీషే! ఎంత, ఎక్కడినుంచి వస్తుంది, ఎన్నిరోజులు నిలవుంటుంది అని మూడు ప్రశ్నలు అడిగేసరికి చెమటలు పట్టాయి.

ఇంటికొచ్చి ఫోనులో వాయిస్ టైపింగ్ పెట్టి చెప్పారు. "ఫ్రెష్" అంటే అది "ప్రెస్" అని రాసింది. నాలుగుసార్లు చెప్పి రాయించుకున్నారు. మన యాసని ఫోను ఒక్కోసారి తప్పుగా వింటుంది, అదే గురువు అనుకోకండి. అనువాదం యాప్‌తో మొత్తం రాయిస్తే మాత్రం ప్రాజెక్టు చేసింది ఫోనే, మనం కాదు.

అత్తయ్యగారి అలక కొత్తదేం కాదు. గుల్‌బహార్ బెకెట్ అనే పరిశోధకురాలు కెనడా హైస్కూలు ఇంగ్లీషు క్లాసుల్లో ప్రాజెక్టుల మీదే 1999లో యూబీసీలో పీహెచ్‌డీ చేశారు. టీచర్లు మెచ్చుకున్నా చాలామంది పిల్లలకి అవి నచ్చలేదట. భాష నేర్చుకుంటున్నట్టు వాళ్లకి అనిపించలేదు మరి. అందుకే 2005లో ట్యామీ స్లేటర్‌తో కలిసి ఒక ఉపాయం చెప్పారు: ప్రాజెక్టులో ఏ భాష, ఏ విషయం, ఏ నైపుణ్యం నేర్చుకుంటున్నామో పటం గీసి చూపించడం, డైరీ రాయించడం.

మేమూ ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఒకవైపు అడిగిన ప్రశ్నలు, రెండోవైపు అవి ఇంకెక్కడ పనికొస్తాయో.

నెల తర్వాత ఫార్మసీకి వెళ్లాం. నేను కారు పార్క్ చేసి వచ్చేసరికి ఆవిడే కౌంటర్ దగ్గర నిలబడి, "హౌ మెనీ డేస్? ఆఫ్టర్ ఫుడ్?" అని అడుగుతున్నారు. కరివేపాకు దగ్గర అడిగిన ప్రశ్నే మందుబిళ్ల దగ్గరికి వచ్చింది. బయటికొచ్చాక, "అమ్మాయ్, ఈసారి నువ్వు కారులోనే కూర్చో" అన్నారు.

మీ ఇంట్లోనూ మొదలుపెట్టండి. లైబ్రరీ కార్డుంటే డౌన్‌టౌన్ సెంట్రల్ లైబ్రరీలో, 2015లో తెరిచిన ఇన్‌స్పిరేషన్ ల్యాబ్‌లో రికార్డింగ్ గదులు ఉచితం. మొదటిరోజు ఒక నిమిషం, నెల తర్వాత ఒక నిమిషం రికార్డు చేసి వినిపించండి. తేడా వాళ్లకే తెలుస్తుంది. ఆ రెండో నిమిషం మన గ్రూపులో కూడా పెట్టండి, అందరం విందాం!