గోడలోని చప్పుడు

సూర్యాపేట ప్రక్కనే గల చివ్వెంలలో మా క్రొత్త యింట గృహప్రవేశమైన మూడవనాటి రాత్రి అమ్మ నన్ను తట్టి లేపినది. "గోడల ఎవరో కొడుతున్నరు బిడ్డా" అన్నది. చెవియొగ్గి వింటిని. మొదట టిక్కు టిక్కుమని సన్నని ధ్వని. కొంతసేపటికి, సుత్తితో మోదినట్లు ఒక్కసారి ధన్‌మన్నది.

బడిపంతులుగా నేను కూడబెట్టినదంతయు ఆ గోడలలోనే ఉన్నది. చూడవచ్చిన బంధువొకరు ఇది వాస్తుదోషమనియు, పడమటి గోడను పడగొట్టవలెననియు తేల్చి చెప్పిరి. అమ్మ పాత పెంకుటింటికి పోదమని మూట కట్టుకొన్నది.

నాలుగు రాత్రులు మేలుకొని, చప్పుడు వచ్చిన వేళలను కాగితముపై వ్రాసితిని. ట్యాంకు నిండి మోటారు దానంతట ఆగిన మరుక్షణముననే ఆ పెద్ద చప్పుడు వచ్చుచున్నది. కరెంటు పోయినప్పుడును అంతే.

మోటారు తిరుగునంతసేపు బోరునుండి మిద్దెమీది ట్యాంకునకు నీరు పైకి పరుగెత్తుచుండును. మోటారు ఆగగానే ఆ నీరు ఒక్క క్షణము నిలిచి, వెనుకకు జారును. దానిని ఆపుటకు గొట్టములో ఒకే దిక్కునకు తెరచుకొను వాల్వు ఉండును. అది ఆలస్యముగా మూసికొన్నచో, అప్పటికే వేగమందుకొన్న నీరు దానిని ఢీకొట్టును. నీరు నొక్కిన సులభముగా లొంగునది కాదు. కనుక ఆ దెబ్బ గొట్టము పొడవునా పరుగెత్తును.

దీని లెక్కను రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897-98లో మాస్కో నగరపు నీటిగొట్టములపై పరీక్షలు చేసి తేల్చెను. ఇనుపగొట్టములో సెకనుకు 1 మీటరు వేగముతో పోవు నీటిని చటుక్కున ఆపినచో, సుమారు 12 వాతావరణ పీడనముల అదనపు ఒత్తిడి పుట్టును. 6 మీటర్ల యెత్తున నున్న ట్యాంకు నీరు నల్లాపై మోపు ఒత్తిడి ఒక వాతావరణ పీడనమునకు కూడ చాలదు! ప్లాస్టిక్ గొట్టము కొంత సాగును గనుక అందులో దెబ్బ తగ్గును. మాయము మాత్రము కాదు. ఈ దెబ్బనే పనికి పెట్టి, ఇంధనము లేకుండ నీటిని ఎత్తునకు పంపు యంత్రమును 1796లో ఫ్రాన్సులో జోసెఫ్ మాంట్‌గోల్ఫియే నిర్మించెను. వేడిగాలి బెలూనును ఎగురవేసిన సోదరులలో ఒకడితడే.

ఇక టిక్కు టిక్కుమనునది వేడినీటి గొట్టము. సిపివిసి గొట్టము 3 మీటర్ల పొడవున, 40 డిగ్రీల వేడిమి పెరిగినచో, సుమారు 8 మిల్లీమీటర్లు సాగును. ఇనుము ఒకటిన్నరకు మించదు. మా తాపీమేస్త్రీ ఆ గొట్టమును సిమెంటుతో బిగించివేసెను. కదలుటకు చోటు లేక, పట్టు సడలిన చోటనెల్ల అది టిక్కుమనును. రాత్రి చల్లారి ముడుచుకొనునపుడు మరల అదే పాట. వెనుకటి రైలుపట్టాల నడుమ సందు ఎందులకు విడుతురో ఏటేట పిల్లలకు చెప్పితిని. నా గోడలో ఆ సందు విడువవలెనని మాత్రము తోచలేదు.

మా పాత యింటి బాయిగిలక తెల్లవారక ముందే కిర్రుమనుచుండెడిది. ఎవ్వరును దడిసినవారు లేరు. కంటి యెదుట మ్రోగునది గదా!

సూర్యాపేటనుండి ప్లంబరును పిలిపించితిని. నీరు వెనుదిరుగక ముందే మూసికొను స్ప్రింగు వాల్వు బిగించి, ఊగులాడు గొట్టమునకు పట్టీలు వేసెను. వేడినీటి గొట్టము మలుపు తిరుగు రెండు చోట్ల సిమెంటు చెక్కి, మెత్తని తొడుగు తొడిగెను. రెండు దినముల పని. పడమటి గోడ నిలిచినది.

ఇప్పుడును మోటారు ఆగునపుడు సన్నగా ఒక చప్పుడు వచ్చును. అమ్మ కన్ను తెరువకయే "ట్యాంకు నిండింది" అని, అటు తిరిగి పండుకొనును.