పెయింట్‌బాల్ గ్యాస్ సీసాకు వాల్వ్ మార్చేటప్పుడు

పెయింట్‌బాల్ తుపాకీ వెనుక భాగానికి మరతో బిగించే అల్యూమినియం సీసాలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రంగు గుళికను ముందుకు తోసేది ఈ వాయువే. ఆటగాళ్లు ఎక్కువగా వాడే 20 ఔన్సుల సీసాలో 567 గ్రాముల గ్యాస్ పడుతుంది. బయటకు వదిలితే అది దాదాపు 300 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంత గ్యాస్ ముప్పాతిక లీటరుకు కాస్త మించిన సీసాలో ఇమిడిపోవడానికి కారణం, ఒత్తిడికి అందులో చాలా భాగం ద్రవంగా మారడం. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 850 పౌండ్లు. దాన్ని ఆపి ఉంచేది సీసా మెడలో బిగించిన ఇత్తడి వాల్వ్. అది పాడైతే మార్చవచ్చు. పని చిన్నదే కానీ, తప్పు జరిగితే ప్రాణం పోయేంత ప్రమాదం.

ఆట మొదలైన రోజుల్లో ఈ వాల్వ్ అవసరమే లేదు. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం హెన్నికర్‌లో 12 మంది తొలి ఆట ఆడినప్పుడు వారి చేతుల్లో ఉన్నవి నెల్‌స్పాట్ 007 తుపాకులు. అడవిలో చెట్లకూ, మందలో పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మిన సాధనాలవి. వాటికి 12 గ్రాముల చిన్న గ్యాస్ గొట్టాలు సరిపోయేవి, అయిపోగానే పారేసేవారు. ఆటలో వేగం పెరిగాక మళ్లీ మళ్లీ నింపుకునే సీసాలు వచ్చాయి, వాటితోపాటే పిన్ వాల్వ్ వచ్చింది.

పిన్ వాల్వ్ నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. ఇత్తడి ఒంటి మధ్యలో సన్నని పిన్, దాని అడుగున సీలు, సీలును పైకి నెట్టిపట్టే స్ప్రింగ్ ఉంటాయి. సీసాను తుపాకీకి బిగించినప్పుడు అక్కడి మొన పిన్‌ను లోపలికి నొక్కుతుంది, గ్యాస్ దారి తెరుచుకుంటుంది. విప్పినప్పుడు పిన్ వెనక్కి వచ్చి దారి మూసుకుంటుంది. వాల్వ్ మొహం మీద ఒక ఓ-రింగ్, సీసా మెడ దగ్గర మరొకటి గ్యాస్ కారకుండా చూస్తాయి. పక్కన చిన్న మరలో బర్స్ట్ డిస్క్ అనే పలుచని రాగి బిళ్ల ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ ఎలాంటిదో సీసాకు ఇది అలాంటిది: ఒత్తిడి 3,000 పౌండ్ల దరిదాపులకు చేరితే సీసా పగలకముందే ఈ బిళ్ల చిరిగి గ్యాస్‌ను వదిలేస్తుంది.

సీసా బుసకొడుతోందంటే వాల్వ్ పోయిందనే అనుకోనక్కర్లేదు. మొహం మీది ఓ-రింగ్ తెగితే తుపాకీకి బిగించినప్పుడు మాత్రమే కారుతుంది. దాన్ని ఆటగాడే మార్చుకోవచ్చు. కార్బన్ డయాక్సైడ్ మామూలు రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది కాబట్టి ఇక్కడ పాలీయురెథేన్ రింగులే మేలు. రాగి బిళ్ల చిరిగితే ఖాళీ సీసాకు, అదే ఒత్తిడికి లెక్కించిన కొత్త బిళ్లను మరతో సహా వేయాలి. సీసా విడిగా ఉన్నప్పుడు కూడా పిన్ పక్క నుంచి గ్యాస్ వస్తుంటే సీలు అరిగినట్టు. మెడ దగ్గర కారినా, మర చుట్లు దెబ్బతిన్నా, వాల్వ్ కొద్దిగానైనా కదిలినా సీసాను వాడకుండా పక్కన పెట్టాలి.

కదిలే వాల్వ్ అన్నిటికంటే భయంకరమైనది. ఆట అయ్యాక సీసాను తుపాకీ నుంచి తిప్పి తీసేటప్పుడు వాల్వ్, సీసా కలిసి తిరగాలి. మెడ దగ్గర పట్టు వదులైతే వాల్వ్ తుపాకీలోనే ఉండిపోయి సీసా ఒక్కటే తిరుగుతుంది. తీసేవాడికి తేడా తెలియదు. చివరి చుట్టు ఊడగానే నిండు సీసా రాకెట్‌లా దూసుకుపోతుంది. ఇలాంటి ఘటనల్లో ఇద్దరు చనిపోయాక 2004లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రజలను హెచ్చరించింది. అనుభవమున్న ఆటగాళ్లు వాల్వ్ మీద నుంచి సీసా మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీసి ఉంచుతారు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే వాల్వ్ కదిలినట్టే. ఇంత చవకైన జాగ్రత్త మరొకటి లేదు, ప్రతి సీసాకూ ఆ గీత ఉండాల్సిందే.

మార్చే పనిలో మొదటి మెట్టు సీసాను పూర్తిగా ఖాళీ చేయడం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గ్యాస్‌ను ఒక్కసారిగా వదిలితే సీసా చల్లబడి బయట తెల్లగా మంచు పడుతుంది. లోపల మిగిలిన ద్రవం గడ్డకట్టి పొడి మంచు అవుతుంది. శబ్దం ఆగిపోతుంది, పిన్ నొక్కినా ఏమీ రాదు. సీసా ఖాళీ అయిందనిపిస్తుంది. అరగంట తర్వాత ఆ మంచు మళ్లీ వాయువై లోపల ఒత్తిడి లేస్తుంది. అందుకే గాలి బాగా ఆడే చోట నెమ్మదిగా వదలాలి. సీసా గది వేడికి వచ్చేదాకా ఆగి మళ్లీ పిన్ నొక్కాలి, ఆపైన తూకం వేయాలి. ఖాళీ బరువుకు సరిగ్గా సమానమైతేనే పానా పట్టాలి.

విప్పేటప్పుడు సీసాను పట్టీ బిగింపుతోనో, రబ్బరు పరిచిన వైస్‌లోనో పట్టాలి. పళ్లున్న పైపు పానా అల్యూమినియం మీద గాట్లు పెడుతుంది, ఆ గాటే తర్వాత పగులుకు మొదలు. కంపెనీలు వాల్వ్‌ను గట్టి జిగురుతో బిగిస్తాయి కాబట్టి అది తేలిగ్గా రాదు. వేడి చేస్తే వస్తుందని మంట పెట్టడం పెద్ద తప్పు. ఎర్ర రకం జిగురు పట్టు వదలడానికి 250 డిగ్రీల వరకు వేడి కావాలి. ఈ సీసాలకు వాడే 6061 రకం అల్యూమినియం అంతకంటే చాలా ముందే బలం కోల్పోతుంది. 177 డిగ్రీలు దాటిన వేడి తగిలిన సీసాను అమెరికా నిబంధనలు వాడకం నుంచే తొలగించమంటాయి. మొరాయించే వాల్వ్‌ను తీయడానికి శిక్షణ, సరైన పరికరాలు ఉన్న సిలిండర్ పరీక్షా కేంద్రమే తగిన చోటు.

వాల్వ్ ఊడాక లోపల దీపం వేసి చూడాలి. తేమ చేరితే కార్బన్ డయాక్సైడ్ కార్బానిక్ ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. మర చుట్లలోని పాత జిగురును పూర్తిగా గీకి తీసి, కొత్త ఓ-రింగ్ వేసి, చుట్లకు జిగురు రాసి, కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. ఓ-రింగ్‌కు జిగురు తగలకూడదు. కొన్ని వాల్వులకు అడుగున వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. సీసా అడ్డంగా ఉన్నప్పుడు ద్రవం తుపాకీలోకి పోకుండా, పైనున్న వాయువునే తీయడం దాని పని. సీసాను తుపాకీకి పూర్తిగా బిగించినప్పుడు ఆ వంపు పైవైపు తిరిగి ఉండాలి. కొత్తగా కొనేవారు చుట్ల మధ్య గ్యాస్ వదిలే రంధ్రం ఉన్న వాల్వ్‌ను ఎంచుకోవడం మంచిది. అది పూర్తిగా ఊడకముందే ఒత్తిడిని బయటకు వదిలి హెచ్చరిస్తుంది.

జిగురు ఆరాక కొద్దిగా గ్యాస్ నింపి, మెడ దగ్గర, రాగి బిళ్ల దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగలే సంగతి చెబుతాయి. ఆ తర్వాత తూకంతోనే నింపాలి, ఎక్కువ పోయకూడదు. 31.1 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవరూపం ఉండదు. అక్కడి నుంచి ఒత్తిడి చకచకా పెరుగుతుంది. సరిగ్గా నింపిన సీసాలో కూడా 40 డిగ్రీల వద్ద అది సుమారు 1,600 పౌండ్లు. హైదరాబాద్, విజయవాడ వేసవుల్లో నీడలోనే అంత వేడి ఉంటుంది. ఎండలో మూసి ఉంచిన కారులో ఈ సీసా ఉండకూడదు.

భారతదేశంలో 500 మిల్లీలీటర్లకు మించిన లోహపు సిలిండర్లు గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016 కిందికి వస్తాయి, నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) వీటిని పర్యవేక్షిస్తుంది. 20 ఔన్సుల సీసా లోపలి చోటు సుమారు 830 మిల్లీలీటర్లు కాబట్టి దానికీ ఇవి వర్తిస్తాయి. అమెరికాలో ఈ సీసాలకు అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష ఉంటుంది. 1,800 పౌండ్లకు తయారైన సీసాను 3,000 పౌండ్ల వద్ద పరీక్షించి, నెగ్గితే దాని మీద తేదీ ముద్ర వేస్తారు. ఆ పరీక్షకు ఎలాగూ వాల్వ్ విప్పాలి కనుక, పాతబడిన వాల్వ్ స్థానంలో కొత్తది అప్పుడే వేయించుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులూ తీరతాయి.