పాత నూనె డబ్బాతో కోడిపిల్లలకు వేడి పలక

పుష్యమాసం చలి. ఆదిలాబాదు, ఉట్నూరు వైపు రాత్రిపూట పది డిగ్రీల కిందికి పడిపోయే రోజులు. ఆ సమయంలోనే పెరట్లో పెంచుకుందామని నలభై కోడిపిల్లలు తెచ్చుకున్నారు అనుకుందాం. మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రి మూడు గంటలకు చలి ముదిరింది. తెల్లారి చూస్తే గది మూలలో పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పపడి ఉన్నాయి. పైవి బతికాయి, కిందివి ఊపిరాడక చచ్చాయి. "ఏదో రోగం తగిలింది" అని మందుల దుకాణానికి పరుగెత్తుతారు. అది రోగం కాదు, చలి.

నాటుకోడి అయితే ఈ బాధ లేదు. పది పన్నెండు పిల్లల్ని రెక్కల కింద దాచుకుని తల్లే చూసుకుంటుంది. కానీ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లల్ని మనం తెచ్చేది తల్లి లేకుండానే. ఒంటిమీద నూగే తప్ప ఈకలు ఉండవు. రెండు మూడు వారాలపాటు ఒంటి వేడిని సొంతంగా కాపాడుకోలేవు. మొదటి వారం పిల్ల ఉన్న చోట 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ తర్వాత వారానికి ఐదు డిగ్రీల ఫారన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఇంట్లో ఉన్న కాయిల్ హీటరు తెచ్చి, ఊక పరిచిన గదిలో పెట్టి, మీద ఒక గంప బోర్లిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రగా కాలే ఆ తీగలో నేరుగా కరెంటు ఉంటుంది. నీళ్ళ తొట్టి ఒలికినా, తడి చేత్తో గంప ఎత్తినా ప్రాణం మీదికి వస్తుంది. ఒక గుప్పెడు ఊక ఎగిరి తీగమీద పడితే గది అంటుకుంటుంది. పైగా 1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ తింటుంది. రాత్రికి 12 గంటల చొప్పున మూడు వారాలు వేస్తే 250 యూనిట్లు దాటుతుంది. నలభై పిల్లలకు ఇంత వేడి అవసరమా? అక్కర్లేదు. పిల్లకు మూడు నాలుగు వాట్లు చాలు, అది పిల్ల వీపుకు తగిలేలా ఉంటే.

అందుకే ఈ వేడి పలక. తల్లి కోడి పొట్టలాగా పైనుంచి వెచ్చగా తగులుతుంది. లోపల ఉండేవి రెండు మామూలు బల్బులే.

బల్బుల్ని వరుసలో కలపడంలోనే కిటుకు

పాతకాలపు గుండు బల్బు, అంటే లోపల తీగ కాలే బల్బు, తీసుకునే కరెంటులో వెలుగయ్యేది కొంచెమే. మిగతాదంతా వేడే. ఇన్నాళ్ళూ అది దాని లోపం. మనకు ఇక్కడ అదే లాభం. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బల్బులు వాడేవారు తగ్గారు గానీ కరెంటు సామాను దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

ఒక్క 100 వాట్ల బల్బు నేరుగా వేస్తే సరిపోదా అంటారేమో. వేయొచ్చు, కానీ దాని గాజు ఊకను మాడ్చేంత వేడెక్కుతుంది. దాని ఆయుష్షు కూడా సుమారు 1000 గంటలే. రాత్రింబవళ్ళు వేస్తే నలభై రోజులు. ఎప్పుడు మాడుతుందో చెప్పలేం. ఏ అర్ధరాత్రో మాడితే తెల్లారేదాకా మనకు తెలియదు.

రెండు 100 వాట్ల బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి, వరుసలో కలిపితే ఒక్కో దానికి సగం వోల్టేజీ, అంటే 115 వోల్టులే అందుతుంది. తీగ మసక ఎరుపుగా కాలుతుంది. లెక్క ప్రకారం రెంటికీ కలిపి 50 వాట్లు రావాలి. నిజానికి 65 నుంచి 70 వాట్లు వస్తాయి. తక్కువ వేడిలో తీగకు నిరోధం తగ్గుతుంది కాబట్టి కాస్త ఎక్కువ కరెంటు పారుతుంది. సగం వోల్టేజీలో బల్బు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కింద పడేసి పగలగొడితే తప్ప సామాన్యంగా మాడదు.

ఒక జాగ్రత్త. రెండు బల్బులూ ఒకే వాట్లవి కావాలి. వందతో నలభై జతచేస్తే వోల్టేజీ అంతా దాదాపు నలభైదే లాగేసుకుంటుంది. చలి తగ్గాక 60 వాట్ల జంట పెట్టుకోండి, సుమారు 40 వాట్ల వేడి ఇస్తుంది. అదే మన రెగ్యులేటరు అనుకోండి.

డబ్బా కోత

15 కిలోల ఖాళీ నూనె డబ్బా ఒకటి చాలు. సుమారు 9 అంగుళాల చదరం, 14 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని నిలువునా రెండుగా కోయిస్తే 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల లోతు ఉన్న రెండు తొట్లు వస్తాయి. ఒక్కో తొట్టి ఒక్కో పలక. కోసిన అంచులు కత్తిలా ఉంటాయి, రేకు పనివాడితో లోపలికి మడిపించండి. మూత ఉన్న వైపు రంధ్రాన్ని రేకు ముక్కతో మూయించండి. వేడి సోడా నీళ్ళతో జిడ్డంతా కడిగి ఎండబెట్టాలి. లేకపోతే మొదటి రోజు ఇల్లంతా కమురు వాసన.

తొట్టి రెండు చివరల గోడలకు లోపలివైపు ఒక్కో పింగాణీ హోల్డరు బిగించాలి. ప్లాస్టిక్ హోల్డరు ఈ వేడికి మెత్తబడి పగులుతుంది, నాలుగు డబ్బులు ఎక్కువైనా పింగాణీదే కొనండి. రెండు బల్బులు ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. మధ్యలో రెండు మూడు అంగుళాల ఖాళీ మిగులుతుంది. బల్బు డబ్బా రేకుకు ఎక్కడా తగలకూడదు.

తొట్టి అడుగే మన పలక. పిల్లలు దాని కిందికి వస్తాయి. అయితే వేడి పైకి పోవాలని చూస్తుంది కదా, దాన్ని కిందికి మళ్ళించాలి. పైన మూతగా రెండు అంగుళాల అంచులు లేచిన రేకు పళ్ళెం పెట్టి, అందులో ఊక బూడిద నింపండి. రైసుమిల్లు దగ్గర అది ఊరికే దొరుకుతుంది. పూర్తిగా కాలి చల్లారిన బూడిదే తేవాలి. లోపల నిప్పు కణిక ఉంటుంది, నమ్మొద్దు. రెండు రోజులు బయట పరచి వాడండి. పచ్చి ఊక, రంపపు పొట్టు అసలు వద్దు, అంటుకుంటాయి. బూడిద అంటుకోదు, వేడినీ పోనివ్వదు. పలక వేడి చాలకపోతే బూడిద పెంచండి, ఎక్కువైతే తగ్గించండి.

తళతళలాడే రేకు వేడిని సరిగా వెదజల్లదు. తొట్టి అడుగున బయటివైపు మెరుపులేని నల్ల రంగు పూయించి, వాసన పోయేదాకా కొన్ని రోజులు ఆరనిస్తే మంచిది.

వైరింగు మీద కక్కుర్తి వద్దు

మిగతావన్నీ మీరు చేసుకోవచ్చు గానీ ఈ ఒక్క పని తెలిసిన వైర్‌మన్‌తో చేయించండి. దగ్గరుండి చూడండి. మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వాడాలి. ఫేజు మొదటి హోల్డరు ఒక కాలికి, దాని రెండో కాలు నుంచి రెండో హోల్డరు ఒక కాలికి, అక్కడి మిగతా కాలు న్యూట్రల్‌కు. మధ్యలో అతుకులు ఉండకూడదు.

వైరు డబ్బా లోపల తిరగకూడదు. హోల్డరు వెనుక గోడకు రంధ్రం చేసి, రబ్బరు బుష్ పెట్టి, బయటినుంచి నేరుగా హోల్డరులోకి తేవాలి. హోల్డరులోకి పోయే ఆ చివరి రెండంగుళాలకు వేడి తట్టుకునే స్లీవు తొడగమనండి. ఒక హోల్డరు నుంచి రెండో దానికి పోయే తీగ డబ్బా బయట పీవీసీ గొట్టంలో పోవాలి. ఎలుకలు కొరుకుతాయి, పిల్లులు లాగుతాయి. అందుకే పలకకు వచ్చే వైరు నేలమీద కాక పైనుంచి వేలాడాలి.

ఆకుపచ్చ తీగ ఎర్తు. డబ్బాకు ఒక చోట రంగు గీకి, బోల్టు నట్టుతో ఆ తీగను గట్టిగా బిగించాలి. పైన బూడిద పళ్ళేన్నీ అదే ఎర్తుకు కలపాలి. మన ఊళ్ళలో గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనకాల ఎర్తు తీగే ఉండదు. ఉన్నా ఎర్తు గుంతలో ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినవారుండరు. ఎర్తు లేని ఇంట్లో ఈ రేకు డబ్బాను వాడొద్దు. ముందు ఎర్తు వేయించండి, టెస్ట్ ల్యాంపుతో పరీక్ష చేయించండి. వీలుంటే ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ పెట్టించండి. కరెంటు లీకైన క్షణంలో కట్ చేస్తుంది. కోడిపిల్లల కోసమే కాదు, ఇంట్లో పిల్లల కోసం కూడా. పొలం మోటారు లైను నుంచి తీగ లాగి దీన్ని వెలిగించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

పిల్లలు రాకముందే పరీక్ష

పిల్లలు వచ్చే ముందు రాత్రంతా ఖాళీ పలక వేసి ఉంచండి. పొద్దున ప్లగ్గు తీసేసి, వెంటనే పలక అడుగున అరచేయి ఆనించండి. వేడిగా ఉండాలి, కానీ పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలగాలి. అంతకు ముందే చెయ్యి లాక్కుంటే పిల్లలకూ ఎక్కువే. థర్మామీటరు ఉంటే పలక కింద, పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు చూపాలి.

పలకను నాలుగు ఇటుకలమీద పెట్టాలి. వెనుకవైపు రెండు ఇటుకలు పడుకోబెట్టి, ముందువైపు రెండు పక్కకు నిలబెడితే వెనుక మూడు అంగుళాలు, ముందు నాలుగు అంగుళాల ఎత్తు వస్తుంది. ఈ వాలు అవసరమే. చిన్న పిల్ల వెనక్కి దూరి వీపు ఆనించుకుంటుంది, పెద్దది ముందు నిలబడుతుంది. రెండో వారం నాలుగూ నిలబెట్టండి. తర్వాత పిల్లల ఎదుగుదలను బట్టి కింద పెంకు ముక్కలు చేర్చుకుంటూ పోండి.

పిల్లకు సుమారు ఏడు చదరపు అంగుళాల చోటు కావాలి. ఆ లెక్కన ఒక పలక కింద 18, మహా అయితే 20 పిల్లలు. నలభై పిల్లలకు డబ్బాలోని రెండు సగాలూ కావాలి. చుట్టూ అడుగున్నర ఎత్తు రేకు గానీ అట్ట గానీ గుండ్రంగా కట్టండి. మూలలుంటే అక్కడే కుప్పపడతాయి. మేత, నీళ్ళు పలక కింద కాకుండా కొంచెం దూరంగా పెట్టాలి. పలక కింద చీకటి కాబట్టి మేత కనబడేందుకు బయట చిన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి వేయండి.

మొదటి రోజు పిల్లలకు పలక సంగతి తెలియదు. చేత్తో రెండు మూడుసార్లు కిందికి తోయండి. సాయంత్రానికి వాటంతట అవే దూరతాయి. ఆ తర్వాత థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. పలక కింద ఒత్తుకుని కీచుకీచుమంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. కొన్ని లోపల, కొన్ని బయట, మేత గింజుకుంటూ తిరుగుతుంటే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు.

ఈ పలక గదిని వేడి చేయదు, తన కింద ఉన్నవాటినే వెచ్చబెడుతుంది. కాబట్టి గోనె పట్టాలతో ఈదురుగాలి ఆపాలి, పైన మాత్రం గాలి ఆడేలా జానెడు ఖాళీ వదలాలి. గదిలోనే పది డిగ్రీలకు పడిపోయే రాత్రి ఇదొక్కటే చాలదు. గోనెలు రెండు వరుసలు కట్టండి, పిల్లల్ని ఇంటి లోపలి గదికి మార్చండి.

కరెంటు పోతే?

పల్లెలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సాయంత్రమే పది లీటర్ల నీళ్ళు పట్టే బిందె, ఒక గోనె సంచి పక్కన పెట్టుకోండి. కరెంటు పోగానే నీళ్ళు కాచి, చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, మూత బిగించి, గోనె చుట్టి పిల్లల మధ్యలో నిలబెట్టండి. పది లీటర్ల నీళ్ళు 60 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు చల్లారేలోపు ఇచ్చే వేడి, మన పలక నాలుగు గంటలు ఇచ్చే వేడితో సమానం. పిల్లలు దాన్ని ఆనుకుని పడుకుంటాయి. బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయకండి. కనబడని విషవాయువు పిల్లల్నీ చంపుతుంది, కాపలా పడుకున్న మనిషినీ చంపుతుంది.

కరెంటు ఉన్నా వోల్టేజీ తగ్గితే అదే కథ. 180 వోల్టులకు పడిపోతే పలక వేడి దాదాపు మూడోవంతు తగ్గుతుంది. ఆ రాత్రులు కూడా బిందె సిద్ధంగా ఉంచుకోండి.

ఖర్చు మాటకొస్తే, ఒక పలక రాత్రింబవళ్ళు వేస్తే రోజుకు ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు. మూడు వారాలకు 35 యూనిట్ల లోపు, రెండు పలకలకు 70 లోపు. మీ బిల్లులో యూనిట్ రేటు చూసి గుణించుకోండి. పగలు ఎండ వచ్చాక ఆపుకుంటే ఇంకా తగ్గుతుంది.

బ్యాచి అయిపోయాక ప్లగ్గు తీసి, బల్బులు విప్పి, అడుగున అంటిన రెట్ట, దుమ్ము గీకి తుడవండి. తడి గుడ్డతో తుడిస్తే పూర్తిగా ఆరబెట్టాలి. బూడిద తేమ పీల్చి గడ్డ కట్టి ఉంటే పారబోసి, వచ్చే బ్యాచికి కొత్తది నింపండి. వైరును ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో తడిమి, ఎలుక కొరికిన చోటు ఉంటే ఆ వైరే మార్చండి, టేపు చుట్టి సరిపెట్టకండి.