సూర్యుని జ్వాలలు – పొలము గట్లు

సూర్యగోళమున జ్వాల లేచినచో మన పొలము గట్టు జరుగునా? గట్టు జరుగదు, కాని గట్టు ఎచ్చట నున్నదో తెలుపు యంత్రము తడబడవచ్చును. కప్పగల్లు వంటి సరిహద్దు గ్రామముల వారిలో కొందరికి ఆవల అనంతపురము, కర్నూలు జిల్లాలలో బంధువులును భూములును కలవు. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వేలో గొలుసునకు బదులు, ఉపగ్రహ సంకేతములను గ్రహించు ‘రోవర్’ అను పరికరమును వాడిరి. కావున ఈ విషయమును తల్లిదండ్రులు ఎరుగుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

ఉపగ్రహము మన చోటును చెప్పదు. తానున్న స్థానమును, తన గడియారపు కాలమును మాత్రమే పంపును. జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండును. సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరమును, కనీసము నాలుగు ఉపగ్రహముల దూరములను బట్టి మన చోటును పరికరము లెక్కించును. సంకేతము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, సెకనులో పది కోట్లవ వంతు పొరపాటు వచ్చినను దూరము 3 మీటర్లు తప్పును.

భూమికి పైన సుమారు 80 నుండి 1,000 కిలోమీటర్ల వరకు విద్యుత్కణములతో కూడిన అయనావరణము కలదు. జ్వాలనుండి వెలువడు ఎక్స్ కిరణములు సుమారు 8 నిమిషములలో వచ్చి, పగలున్న భాగమున ఆ కణములను హెచ్చించును. ఒక్కొక్కప్పుడు జ్వాలతోబాటు వెడలిన కణరాశి ఒకటి మొదలు మూడు దినములలో వచ్చి భూమి అయస్కాంత క్షేత్రమును కలచివేయును. బురదమడిలో నడచువాని నడక మందగించినట్లు, కణములు హెచ్చిన పొరలో సంకేతము ఆలస్యమగును.

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొనకు సమీపముగా పోవుచున్నది. అందుచే దక్షిణదేశమున ప్రొద్దు గ్రుంకిన పిదప ఈ పొర సహజముగనే కల్లోలపడుచుండును. సూర్యుడు ఉద్రిక్తుడైన సంవత్సరములలో అది మరింత హెచ్చు. 2024 మే 10, 11 తేదీల సౌర తుపానులో అమెరికా రైతుల ట్రాక్టర్లు చాలు తప్పగా, కొందరు విత్తుట నిలుపవలసివచ్చెను.

దీనికి ఉపాయము లేకపోలేదు. తన చోటు ఖచ్చితముగా తెలిసిన స్థిరకేంద్రము, సంకేతము చెప్పు చోటును దానితో పోల్చి, తేడాను రోవరునకు తెలుపును. విమానములకై ఇస్రోయు విమానాశ్రయముల సంస్థయు కలిసి నెలకొల్పిన ‘గగన్’ పద్ధతియు ఇట్టిదే. సూర్యుని కనిపెట్టి చూచుటకు 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 వెడలినది.

తల్లిదండ్రులకు మా మనవి యిది: చేతి ఫోనులోని పటము గట్టు తగవునకు సాక్ష్యము కాదు, చెట్లచాటున, గోడలచాటున సైతము అది కొన్ని మీటర్లు తప్పును. సర్వే కొలతపై సందేహము కలిగినచో ఇరుగుపొరుగుతో కలహింపక, వేరొక దినమున తిరిగి కొలిపించి, రెండు కొలతలను పోల్చుడు. పిల్లలకు రాత్రివేళ ధ్రువనక్షత్రమును చూపి దిక్కులు నేర్పుడు. యంత్రము తడబడిన దినమున ఆ చదువు అక్కరకు వచ్చును.