చిట్టా నుండి నిర్ణయమునకు

వర్తకుడు రాత్రి దుకాణము కట్టివేయుటకు ముందు చిట్టా వ్రాసికొనుట మనమెరిగినదే. ఏ సరకు ఎంత పోయినది, ఎవరు ఎంత బాకీ పడినారు అను సంగతులను చిట్టా చెప్పును. రేపు ఏ సరకు ఎంత తెప్పింపవలెనో మాత్రము అది తనంత తాను చెప్పదు. జరిగిన లెక్కలనుండి జరుగవలసిన నిర్ణయమును రాబట్టు విద్యకే నేడు బిజినెస్ ఇంటెలిజెన్స్ అనియు, అనలిటిక్స్ అనియు పేర్లు. పేర్లు క్రొత్తవి, అవసరము పాతది. ఒక సంస్థ యావత్తు ఈ విద్యను అలవరచుకొనుట ఎట్లో తెలిసికొనుటకు లండను నగరపు తేనీటి వ్యాపార మొకటి మంచి తార్కాణము.

జె. లయన్స్ అను కంపెనీ 1894లో పికడిల్లీ వీధిలో తన మొదటి టీ దుకాణమును తెరచెను. తరువాత అట్టి దుకాణములు అనేకము వెలసినవి. కప్పు టీ మీద, కేకు ముక్క మీద వచ్చు లాభము బహు స్వల్పము. సాయంకాలమునకు నాలుగు రొట్టెలు మిగిలినచో ఆ లాభము కాస్త హరించును. 1923లో కంపెనీలో చేరిన జాన్ సిమ్మన్స్ కేంబ్రిడ్జిలో గణితము చదివినవాడు. లెక్కలు గతమును భద్రపరచుటకే కాక యాజమాన్యమునకు దారి చూపుటకు ఉపయోగపడవలెనని ఆయన పట్టుదల. యంత్రములు రాకమునుపే కార్యాలయ పద్ధతులను పరిశోధించుటకు అచ్చట ప్రత్యేకశాఖ పనిచేయుచుండెను.

1947లో ఇద్దరు ఉద్యోగులు అమెరికా వెళ్లి ఎలక్ట్రానిక్ గణనయంత్రములను గూర్చి తెలిసికొనివచ్చిరి. అటువంటి యంత్రము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోనే తయారగుచున్నదని వారికి అచ్చటనే తెలిసెను. కంపెనీ ఆ కృషికి ధనసాయము చేసి, ఆ నమూనాననుసరించి తన సొంత యంత్రమును నిర్మించుకొనెను. దాని పేరు లియో. 1951 నవంబరులో అది రొట్టెల కార్ఖానాల ఉత్పత్తికి విలువ కట్టు పనిని చేపట్టెను. వ్యాపారపు పనిని నిత్యము నిర్వహించిన తొలి కంప్యూటరుగా చరిత్రకెక్కెను.

1954లో దుకాణముల ఆర్డర్లను గూడ లియోకు అప్పగించిరి. పూర్వము ప్రతి దుకాణపు నిర్వాహకురాలు దినదినము పెద్ద పట్టిక నింపవలసియుండెను. క్రొత్త పద్ధతిలో వారములోని ఒక్కొక్క రోజునకు ఒక్కొక్క స్థిరమైన ఆర్డరు ఉండును. కేంద్రకార్యాలయము నుండి టెలిఫోను వచ్చినపుడు ఆమె మార్పులను మాత్రమే చెప్పును. వినుచున్న ఉద్యోగిని వాటిని వెంటనే కార్డులపై నమోదు చేయును. మొత్తములు కట్టు భారము యంత్రమునకు పోయినది. తన వీధి జనమునకు రేపు ఏమి కావలెనో నిర్ణయించు అధికారము ఆమెయొద్దనే నిలిచినది.

నేటి సంస్థలు గ్రహింపవలసిన కీలకమిచ్చటనే యున్నది. అనేకులు ముందు యంత్రమును కొని, పిమ్మట దానిని అడుగవలసిన ప్రశ్నకై వెదకుదురు. లయన్స్ వారు ప్రశ్నతో ప్రారంభించిరి. మరియు లెక్కకు అన్ని శాఖలలోను ఒకే అర్థముండవలెను. ఆర్డరు వచ్చిన నాడే అమ్మకమైనదని ఒక శాఖయు, పైకము ముట్టిన నాడు మాత్రమే అయినదని వేరొక శాఖయు వ్రాసికొన్నచో, రెండు నివేదికలు చేరి యజమానికి కలవరమే మిగులును. సమాచారము సకాలమున చేరుటయు ముఖ్యమే. రొట్టె పాచిపోయిన తరువాత వచ్చిన నివేదిక ఎంత చక్కనిదైనను వ్యర్థము.

అన్నిటికంటె కష్టమైనది నమ్మకము. లెక్క అడుగుట తప్పు పట్టుటకేయని సిబ్బంది తలచిన నాడు, అంకెలు నిజమును చెప్పుట మాని యజమానికి ఇంపైనదానిని చెప్పనారంభించును. తప్పుడు అంకెను ఎంత వేగముగ గణించినను అది ఒప్పు కాజాలదు. కావున ఈ విద్యను ప్రవేశపెట్టు అధికారి ముందుగా చేయవలసిన పని, లెక్క వ్రాయు చేతికి ఆ లెక్కవలన కలుగు మేలు కనబడునట్లు చేయుట. టీ దుకాణపు నిర్వాహకురాలికి పట్టికలు వ్రాయు బాధ తగ్గినది. అందుచేతనే ఆమె చెప్పిన అంకె కంపెనీకి అక్కరకు వచ్చినది.